కర్ర దించిన తరువాత

వేసవి సెలవులకు మా మనమడు హైదరాబాదు నుంచి నంద్యాల వచ్చాడు. వస్తూ వస్తూ రెండు సంచులు తెచ్చాడు. ఒకదాని నిండా బట్టలు. రెండోదాని నిండా పాచికలు. పాచికలంటే మనం పచ్చీసుకు వాడే పొడుగు పాచికలనుకునేరు. అవి కావు. నాలుగు ముఖాలవి, ఆరు ముఖాలవి, ఎనిమిది, పది, పన్నెండు, ఆఖరికి ఇరవై ముఖాలవి కూడా ఉన్నాయి. ఎరుపూ నీలమూ పసుపూ, గోళీకాయల్లా మెరుస్తున్నాయి. మా ఆవిడ కళ్లజోడు లేకుండా చూసి, పిప్పరమెంటు బిళ్లలనుకుని డబ్బాలో పోయబోయింది.

"అవ్వా, అవి తినేవి కాదు. యుద్ధం చేసేవి!" అని వాడు కేకపెట్టాడు.

నేను ముప్ఫై రెండేళ్లు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. ఇరవై సమత్రిభుజాలతో కట్టిన ఘనం ఒకటుందని బోర్డు మీద గీసి చూపించాను గాని, దాన్ని అరచేతిలో పెట్టుకుని చూడడం అదే మొదలు. యుద్ధం సంగతి ఎలా ఉన్నా, పాచిక మీద నాకు మోజు పుట్టింది. అదే నన్ను ఈ వ్యవహారంలోకి లాగింది.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు సూత్రధారి. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఒకడు కత్తివీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. "మీరు కొండదారిన పోతున్నారు. గుహలోంచి ఏదో గురక వినిపిస్తున్నది. ఏం చేస్తారు?" అంటాడు సూత్రధారి. ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. అనుకున్నది అయిందో కాలేదో పాచిక తేలుస్తుంది. వేషం లేదు, రంగు లేదు, హార్మోనియం లేదు గాని, ఒక విధంగా ఇదీ వీధినాటకమే.

దీనికి పెద్ద వంశచరిత్రే ఉంది. ప్రష్యా సైన్యాధికారులకు యుద్ధం నేర్పడానికి రైస్విట్జ్ అనే ఆయన 1824లో పటమూ పాచికలూ పెట్టి ఒక ఆట తయారు చేశాడు. 1913లో హెచ్.జి.వెల్సు అంతటి రచయిత, బొమ్మ సిపాయిలతో ఇంట్లో నేలమీద ఆడుకునే యుద్ధానికి సూత్రాలు రాసి పుస్తకం వేశాడు. 1971లో అమెరికాలో గేరీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనే ఇద్దరు మధ్యయుగపు పోరాటాలకు 'చైన్‌మెయిల్' అని సూత్రాలు కట్టారు. 1974లో ఆ గైగాక్సే డేవ్ ఆర్నెసన్ అనే ఇంకొకాయనతో కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చాడు. సైన్యాలు పోయి, ఒక్కొక్క ఆటగాడికి ఒక్కొక్క వీరుడు మిగిలాడు. మావాడు ఆడేది ఆ ఆటకు మనమడి వరస.

మొదటిరోజే వీధిలో ముగ్గురు పిల్లల్ని పోగుచేసి మా వసారాలో ఆట పెట్టాడు. రెండోరోజుకే తగాదా వచ్చింది. ఎదురింటి పిల్లవాడు నా దగ్గరికి ఫిర్యాదుకు వచ్చాడు.

"చూడు తాతా! వీని వీరునికి అరవై నాలుగు ప్రాణాలంట. నేను నిద్రలో ఉన్నప్పుడు బాకుతో పొడిచినా. ఎంత గట్టిగా పొడిచినా ఎనిమిదే పోతాయంట. అదేం బాకు? పెన్సిలు చెక్కుకునేదా?"

పిల్లవాడి మాటలో న్యాయం ఉంది. ఆ ఆటలో బాకు దెబ్బ ఒకటి నుంచి నాలుగు దాకా. బాగా తగిలితే పాచిక రెండుసార్లు వేస్తారు. పొడుగుకత్తి దెబ్బ ఒకటి నుంచి ఎనిమిది. కొత్త వీరుడికి పది ప్రాణాలుంటే, పదో మెట్టెక్కిన వీరుడికి అరవై పైచిలుకు. అంటే వాడి మెడ కొత్తవాడి మెడకంటే ఆరింతలు లావా? ఈ ప్రశ్న అమెరికాలో కూడా అడిగారట. అవి ఒట్టి రక్తమాంసాల లెక్క కాదనీ, నేర్పూ అదృష్టమూ ఓపికా అన్నీ కలిపిన లెక్క అనీ గైగాక్స్ 1979లో వేసిన పుస్తకంలో జవాబు రాశాడు. జవాబు బాగానే ఉంది. కాని పన్నెండేళ్ల పిల్లవాడికి బాకు బాకే.

"సరే, ఇకనుంచి ఉన్నది ఉన్నట్టు ఆడదాం" అన్నాడు మావాడు. అని, నావైపు తిరిగాడు. "తాతా, నువ్వు ఆళ్లగడ్డలో కర్రసాము నేర్చుకున్నావంట కదా, అమ్మ చెప్పింది. నిజంగా కర్రతో కొడితే ఏమవుతుంది?"

"దెబ్బ తగులుతుంది" అని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాననుకున్నారు. పేపరు వెనక ఎవరి ముఖం ఎలా ఉంటుందో ఎవరికి తెలుస్తుంది? ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంకొక జవాబు ఉంది. యాభై ఏళ్లు పైబడి దాన్ని ఎవరికీ చెప్పకుండా కాపాడుకొస్తున్నాను.

సరే, ఉన్నది ఉన్నట్టు ఆడడం మొదలైంది. దెబ్బ ఎక్కడ తగిలిందో తేల్చడానికి ఒక పట్టిక. తలకు తగిలితే ఒక ఫలితం, మోకాలికి తగిలితే ఒకటి. రక్తం కారడానికి ఒక పట్టిక. ఎముక విరగడానికి వేరే పట్టిక. ఇది వాళ్ల సొంత కల్పన కూడా కాదు. కవచాలు తొడుక్కుని బెత్తపు కత్తులతో సరదాగా పోరాడే సంఘం ఒకటి అమెరికాలో 1966లో పుట్టింది. అందులో దెబ్బలు తిని అనుభవం గడించిన స్టీవ్ పెరిన్ అనే ఆయన 1978లో 'రూన్‌క్వెస్ట్' అనే ఆటకు సూత్రాలు రాశాడు. ఒళ్లంతటికీ ఒకే లెక్క కాకుండా చేతికి వేరు, కాలికి వేరు లెక్క పెట్టాడు. కొట్టడానికి ఒక పాచిక, కాచుకోవడానికి ఒక పాచిక అన్నాడు. దెబ్బ రుచి తెలిసినవాడు రాసిన సూత్రాలు ఎలా ఉంటాయో అలా ఉన్నాయి.

కాని మా వసారాలో ఏం జరిగిందంటే, ఇద్దరు దొంగలతో జరిగిన చిన్న తగువు రెండుగంటలు పట్టింది. అసలు తగువైతే రెండు నిమిషాల్లో తేలిపోయేది. పోనీ అంటే, ఎదురింటి పిల్లవాడి వీరుడికి మొదటి దెబ్బే తలకు తగిలి, అక్కడికక్కడే ప్రాణం పోయింది. వాడు అడిగిన న్యాయమే వాడికి దక్కింది. మిగతావాళ్లు పట్టికలు తిరగేస్తుంటే వాడు గోడకానుకుని మా ఆవిడ పెట్టిన మురుకులు తిన్నాడు. మర్నాడు రాలేదు. "కడుపునొప్పంట" అని కబురొచ్చింది. కడుపునొప్పి కాదని నాకు తెలుసు. వాడి నొప్పి వాడి పాత్ర పోయిన నొప్పి.

ఇంకొక చిక్కు. ఉన్నది ఉన్నట్టు అన్నారు గనక, పొడుగు ఆయుధం ఉన్నవాడు ముందు కొడతాడని సూత్రం పెట్టారు. మరునాటికి అందరూ కత్తులు పారేసి ఈటెలు పట్టారు. మంత్రగాడు కూడా ఈటే పట్టాడు. కథలో ఇక వీరులు లేరు, వెదురు పొద మిగిలింది.

"నిజం పెడితే తూకం పోతున్నది తాతా. తూకం పెడితే నిజం పోతున్నది" అన్నాడు మావాడు, తల పట్టుకుని.

వాడి దిగులు చూసి నాలో లెక్కల మాస్టారు లేచాడు. అటకమీద నుంచి మా అమ్మ గవ్వల సంచీ దింపాను.

"చూడరా అబ్బీ. నీ ఇరవై ముఖాల పాచికలో ఒకటి పడ్డానికి ఎంత అవకాశం ఉందో, పది పడ్డానికీ అంతే, ఇరవై పడ్డానికీ అంతే. ఆరితేరిన వాడి చేతిలోనైనా, నిన్న కర్ర పట్టిన వాడి చేతిలోనైనా అది ఒకే విధంగా గంతులేస్తుంది. సాము నేర్చిన చెయ్యి అట్లా ఉండదు. పదిసార్లు కొడితే ఎనిమిదిసార్లు ఒకే తీరుగా పడుతుంది. ఇప్పుడు అష్టాచెమ్మా గవ్వలు చూడు. నాలుగు గవ్వలు. గవ్వ రెండు పక్కలా సమానంగా పడుతుందనుకుంటే మొత్తం పదహారు విధాలు. రెండు వెల్లకిలా రెండు బోర్లా పడేవి ఆరు. ఒకటి వెల్లకిల పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, అది ఒక్కటే. నాలుగూ బోర్లా పడితే అష్ట, అదీ ఒక్కటే. మామూలు దెబ్బ తరచుగా పడుతుంది. అద్భుతం అరుదుగా పడుతుంది. అదీ అనుభవం."

వాడి కళ్లు మెరిశాయి. గవ్వలు లాక్కున్నాడు.

"ఇక ఈటె సంగతి. మా వస్తాదు పొట్టివాడికి పొట్టి కర్రే ఇచ్చేవాడు. పొడుగువాడికి చెవిదాకా వచ్చే కర్ర. బయలులో పొడుగు కర్రదే రాజ్యం. అదే సందులోకి వస్తే? తిప్పబోతే గోడకు తగులుతుంది. పొట్టివాడు దాని కిందుగా ఒక్క అడుగు లోపలికి దూరితే, ఆ పొడుగు కర్ర వంటచెరుకే. పెద్ద కర్రకు పెద్ద మైదానం కావాలి. తూకం నువ్వు తెచ్చి పెట్టక్కరలేదు, స్థలం పెడుతుంది. మన పులిజూదం చూడు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దూకి చంపుతుంది. మేక పులిని చంపలేదు. అయినా అది సమమైన ఆటే. ఎట్లా? మేకలు పులిని కదలకుండా కట్టేస్తాయి. ఇద్దరికీ ఒకే బలం ఇవ్వడం తూకం కాదు. ఎవరి బలానికి తగ్గ దారి వాళ్లకుండడం తూకం."

ఉత్సాహంలో ఇంకొక సూత్రం కూడా చెప్పాను. సాములో అసలు లెక్క రక్తం కాదు, దమ్ము. అందుచేత ఒక్కొక్కడికి పది చింతగింజలు. వంతు వచ్చినప్పుడు కుడి గుప్పిట్లో కొన్ని దాచాలి, అవి కొట్టడానికి. ఎడమ గుప్పిట్లో కొన్ని, అవి కాచుకోవడానికి. ఇద్దరూ ఒకేసారి గుప్పిళ్లు విప్పాలి. కొట్టే గింజలకు గవ్వల ఫలం కలిపి చూడాలి. ఎదుటివాడి కాపుకంటే ఎక్కువైతే దెబ్బ పడ్డట్టు. వాడిన గింజలు తిరిగి రావాలంటే ఒక వంతు వెనక్కి తగ్గి ఊపిరి పీల్చుకోవాలి. ఇదంతా నేనే కనిపెట్టాననుకుని మురిసిపోతుంటే, "ఇట్లాంటిదే 2002లో జేక్ నార్‌వుడ్ అనే ఆయన 'రిడిల్ ఆఫ్ స్టీల్' అనే ఆటలో పెట్టాడు తాతా. ఆయన చింతగింజలకు బదులు పాచికలు పెట్టాడు" అన్నాడు మావాడు. పోనీలెండి. కర్ర పట్టినవాళ్లకు ఏ దేశంలోనైనా అదే తోస్తుంది కాబోలు.

అంతా బాగుందనుకుంటున్న సమయంలో వాడు ఫోను తెచ్చి నా కళ్లముందు పెట్టాడు. దేవరగట్టు కర్రల సమరం. కర్నూలు జిల్లాలో, మాళమల్లేశ్వరస్వామి కొండ దగ్గర, విజయదశమి రాత్రి జరిగేది. కాగడాల వెలుగులో వందల కర్రలు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఏటా తలలు పగులుతాయి. పోలీసులుంటారు, డాక్టర్లుంటారు, అయినా పగులుతాయి.

"నిజమంటే ఇదే కదా తాతా? ఇందులో ఏ సూత్రమూ లేదు. ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో కూడా తెలియదు. మరి మన గింజలూ గవ్వలూ అబద్ధమే కదా?"

నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి లేచి, "పద, ఆళ్లగడ్డ పోయివద్దాం. నీ ప్రశ్నకు జవాబు చెప్పేవాడు అక్కడొకడున్నాడు" అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైచిలుకు. బస్సులో ఎడమవైపు కూర్చున్నాం. దూరాన నల్లమల కొండలు నీలంగా కనిపిస్తున్నాయి. శిరివెళ్ల దాటిన తరువాత నేను మాట్లాడడం మానేశాను. మావాడు చింతగింజలు ఒక గుప్పిట్లోంచి ఇంకొక గుప్పిట్లోకి పోసుకుంటూ కూర్చున్నాడు.

ఆళ్లగడ్డ శిల్పాల ఊరు. రోడ్డు పక్కన పాకల్లో దేవుళ్లూ నాయకులూ నందులూ సగం రాళ్లుగా, సగం మనుషులుగా నిలబడి ఉంటారు. ఉలి చప్పుడుతోపాటు ఇప్పుడు కోత మిషను రొద కూడా. తెల్లటి దుమ్ములోంచి నా స్నేహితుడు లేచి వచ్చాడు. వాడిది శిల్పుల ఇల్లు. తాతా తండ్రీ అన్నదమ్ములూ అందరూ ఉలి పట్టినవాళ్లే. వాడొక్కడే ఉలి పట్టడు. రాయిమీద కొలతలు గీస్తాడు. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు, నవతాళానికి నూటెనిమిది. ఆ లెక్కంతా వాడి నోట్లో ఉంటుంది. సుత్తి ఎత్తడానికి మాత్రం వాడి కుడి మోచెయ్యి తిన్నగా చాచుకోదు.

"ఏంరా, ఇన్నాళ్లకు దారి కనపడిందా?" అన్నాడు. పెళ్లిళ్లలో, చావుల్లో కలుస్తూనే ఉంటాం. కలిసినప్పుడల్లా వాడు ఇదే మాట అంటాడు. నేను నవ్వుతాను. అంతటితో సరి.

మావాడు వచ్చీరాగానే పాకలో ఉన్న ఒక విగ్రహం దగ్గర నిలబడిపోయాడు. ఏదో ఊరివాళ్లు చేయించుకుంటున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1846లో కుంపిణీవాళ్లమీద తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కినవాడు. వాడు 2019లో వచ్చిన సినిమా చూశాడు గనక గుర్తుపట్టాడు.

"తాతా, ఈ కత్తి ఇంత లావుగా ఉందేం? నిజం కత్తి పల్చగా ఉంటుంది కదా" అని నా స్నేహితుణ్ణి అడిగాడు.

"పల్చగా చెక్కితే లారీ ఎక్కించేలోపల విరుగుతుంది నాయనా. ఇనుము బలం వేరు, రాయి బలం వేరు. అందుకే మందంగా పెట్టి, కొస భుజానికి ఆనించినాం. నిలబడి చూసేవానికి అది కత్తే. నువ్వు కొలబద్ద పెట్టి చూసినావు గాబట్టి లావు కనపడింది."

"అయితే అబద్ధం చెక్కినట్టేనా?"

"నీ రాయికి ఎంత నిజం మోసే బలముందో అంతే చెక్కాల. అంతకంటే ఎక్కువ చెక్కితే ఏదీ మిగలదు."

మావాడు గబగబా ఆట సంగతి మొత్తం చెప్పాడు. బాకూ, అరవై నాలుగు ప్రాణాలూ, మురుకులు తిని వెళ్లిపోయిన పిల్లవాడూ, దేవరగట్టూ, అన్నీ. నా స్నేహితుడు బండమీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు. ఒక ఆట ఆడి చూపించమన్నాడు. ఎడమచేత్తో గింజలు లెక్కపెట్టి, కొన్ని వంకర చేతి గుప్పిట్లోకి మార్చుకుని రెండు గుప్పిళ్లూ చాపాడు. మూడు వంతుల్లో మావాడి దమ్మంతా లాగేశాడు. చిన్నప్పుడు కూడా అంతే. మా గరిడీలో వాణ్ణి మించినవాడు లేడు.

"అంతా బాగుండాది గాని, ఒకటి తక్కువైంది" అన్నాడు. "ఓడిపోయేవాడు ఏం చేయాల? ప్రాణం పోయేదాకా కొట్టించుకోవాల్నా? లోకంలో ఎవడూ అట్లా కొట్టించుకోడు. కర్ర దించుతాడు. మా వస్తాదు 'చాలు' అనేవాడు. చాలన్న తరువాత కర్ర లేయకూడదు. అదొక్కటే సూత్రం, తక్కినవన్నీ నేర్పులు. ఆ మాట లేకుంటే మరునాడు సాముకు ఎవడొస్తాడు? నీ స్నేహితుడు రాలేదంటివే, అందుకే."

"మరి చాలన్న తరువాత కూడా ఎవడైనా కొడితే?" అన్నాడు మావాడు, చేతిలో పెన్సిలు పట్టుకుని.

నా స్నేహితుడు వెంటనే జవాబు చెప్పలేదు. నావైపు చూడలేదు కూడా. రాయిమీద గీసిన గీతను బొటనవేలితో తుడుస్తూ కూర్చున్నాడు. నేను నోరు తెరిచాను.

"నేను కొట్టినాను రా" అన్నాను మనమడితో.

అది 1969. నాకు పదహారేళ్లు. పీర్ల పండుగకు ఊరేగింపు ముందు కర్రసాము చూపించాలి. ముందురోజు సాయంత్రం గరిడీ చుట్టూ జనం చేరారు. నన్నూ వీణ్ణీ దించారు. వీడు నా మోకాలిమీద మూడుసార్లు కర్ర ఆనించాడు. కొట్టలేదు సుమండీ, ఆనించాడు. అంతే. జనం నవ్వారు. నవ్వినవాళ్లలో మా నాయన కూడా ఉన్నాడు. వస్తాదు "చాలు" అన్నాడు. వీడు కర్ర దించి, నా భుజంమీద చెయ్యి వేయడానికి ముందుకు వచ్చాడు. నేను కొట్టాను. మోచేతిమీద పడింది. ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో ఏ పట్టికలోనూ రాయలేరు.

అందరూ అడిగారు. "నాకు వినబడలేదు" అన్నాను. జనం గోలలో పిల్లవాడికి వినబడలేదు కాబోలని అందరూ ఒప్పుకున్నారు. వస్తాదు నా కర్ర తీసుకుని చూరులో పెట్టాడు. మళ్లీ నాకు ఇవ్వలేదు. నేనూ అడగలేదు. ఎముక అతికింది గాని చెయ్యి తిన్నగా రాలేదు. శిల్పి కొడుకు సుత్తి ఎత్తలేకపోయాడు. నేను చదువుకుని నంద్యాల చేరి లెక్కల మాస్టారునయ్యాను. వినబడలేదన్న మాటను ఎన్నిసార్లు చెప్పుకున్నానంటే, కొన్నాళ్లు నేనే నమ్మాను.

"వినబడింది రా" అన్నాను ఇప్పుడు వాడితో. "వస్తాదు మాట నాకు బాగా వినబడింది."

"నాకు తెలుసు" అన్నాడు వాడు. "నీ కళ్లు వస్తాదువైపు తిరిగి, మళ్లీ నావైపు తిరిగినాయి. తరువాతనే కర్ర లేచింది."

"మరి ఇన్నేళ్లూ ఒక్కమాట అడగలేదేమిరా?"

"అడిగితే మళ్లీ వినబడలేదనే అంటివి. నీతో రెండోసారి అబద్ధం ఆడించేదెందుకని ఊరుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. ముసలివాడి ఏడుపు చూడడానికి బాగుండదు. క్షమించమనో, తప్పయిందనో ఏవేవో మాటలు ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయి. వాడు తన వంకర చెయ్యి ఎత్తాడు.

"చాలు" అన్నాడు.

నేను ఆగిపోయాను.

కోత మిషను కూడా ఆగింది. పక్క పాకలోంచి ఎవరో టీలు తెచ్చారు. తాగుతూ నా స్నేహితుడు మావాడి ప్రశ్నకు జవాబు చెప్పాడు. "రాసుకో నాయనా. చాలన్న తరువాత కూడా కొట్టొచ్చు. లోకంలో ఎవని చెయ్యీ ఎవరూ పట్టుకోరు గదా, అదీ నిజమే. కాని అట్లా కొట్టినవాడు ఆ తరువాత ఎప్పుడు చాలన్నా, కథలో ఎవరూ వినక్కరలేదు. ఆ భయం వానికి వదలకూడదు."

మావాడు పుస్తకంలో రాసుకున్నాడు. రాసి, కాసేపు ఆలోచించి, "మరి నువ్వు తాతను విన్నావు కదా?" అన్నాడు.

"అది ఆట కాదు గదరా" అన్నాడు వాడు. ఖాళీ గ్లాసు బండమీద పెట్టి, కొలతల దారం చేతిలోకి తీసుకున్నాడు.

తిరుగు బస్సులో నేను ఆలోచించాను. ఉన్నది ఉన్నట్టు ఉండాలంటే ఎముకలు ఎట్లా విరుగుతాయో రాయాలని పిల్లలనుకున్నారు. విరిగే తీరు రాసినా నిజం పూర్తి కాదు. కర్ర ఎత్తినవాడికి ఎదుటివాడు మనిషిగా కనపడ్డాడా లేదా, ఆపగలిగినవాడు ఆపాడా లేదా, నిజం అక్కడుంది. దేవరగట్టులో పగిలే తలలు నిజమే. గరిడీలో వస్తాదు చాలన్న మాట కూడా అంతే నిజం. సామంటే మనుషులు తమ బలానికి తామే కట్టుకున్న తూకం. ఆ తూకం తీసేస్తే మిగిలేదాన్ని సాము అనరు.

మరునాడు మావాడు ఎదురింటికి పోయి, పోయిన పాత్రను బతికించామని కబురు చెప్పాడు. "నీవాడు చాలన్నాడు. మాకు వినబడలేదు. తప్పు మాదే" అన్నాడట. పిల్లవాడికి కడుపునొప్పి తగ్గింది. సాయంత్రానికల్లా వసారాలో నలుగురూ చేరారు. చింతగింజలు, గవ్వలు, ఒక పళ్లెంనిండా మురుకులు. ఇరవై ముఖాల పాచికను మాత్రం నాకిచ్చేశారు. ఇది రాసుకునే బల్లమీద, కాగితాలు ఎగిరిపోకుండా, దాన్నే బరువు పెట్టుకున్నాను.